రైఫిల్ క్లాసుకు వెళ్లాలంటే: అమెరికాలోని తెలుగువాళ్ల కోసం మొదటి నుంచి వరుసగా

గ్రీన్‌కార్డు వచ్చాకో, సొంత ఇల్లు కొన్నాకో, ఊరవతల రెండెకరాల స్థలం తీసుకున్నాకో మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "ఏఆర్-15 రైఫిల్ కొన్నాం. అప్పుడప్పుడూ రేంజ్‌కి వెళ్లి కాగితం మీద కాలుస్తున్నాం. దీన్ని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" టెక్సస్ నుంచి అడిగినా, జార్జియా నుంచి అడిగినా, అరిజోనా నుంచి అడిగినా ఇదే.

నేను చెప్పేది ఒక్కటే, వరుస తప్పొద్దు. ముందు చట్టం చూసుకోవాలి. తర్వాత తుపాకీ పట్టుకునే క్రమశిక్షణ రావాలి. ఆ తర్వాత .22 (చిన్న తూటా రైఫిల్) మీద గురి కుదరాలి. ఆపైనే కార్బైన్ (ఏఆర్ లాంటి పొట్టి రైఫిల్) క్లాసు. మనవాళ్లలో చాలామంది చివరి మెట్టు ఎక్కాలని ముందే డబ్బు కట్టేస్తారు. క్లాసులో మొదటి పూటంతా తుపాకీతో కుస్తీ పట్టడానికే సరిపోతుంది, అసలు పాఠం చేజారిపోతుంది.

1. అన్నిటికంటే ముందు మీ ఇమిగ్రేషన్ స్టేటస్

ఇది చదవకుండా కింది భాగాలకు వెళ్లకండి.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాకు వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. ఓపీటీలో ఉన్నవాళ్లది కూడా ఎఫ్-1 వీసాయే. ఐ-140 అప్రూవ్ అయి పదేళ్లు గడిచినా ఈ విషయంలో ఏ మార్పూ రాదు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా ఆగడమే మంచిది.

"కొనట్లేదు కదా, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాలుస్తాం" అంటారు. చేతిలో ఉన్న పది నిమిషాలూ అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. కౌంటర్‌లో వాళ్లు మీ వీసా గురించి అడగకపోయినంత మాత్రాన చట్టం మారదు. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెరిగింది. దానితోపాటు దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది, గ్రీన్‌కార్డు ఆశలు కూడా అక్కడితో ముగిసినట్టే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. అయితే రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ సలహా రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఏం కాదు అన్నా" అన్నారని వెళ్లొద్దు.

మన ఇళ్లలో తరచూ జరిగే మూడు పొరపాట్లు ఇవి:

- ఊరి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలనో, మామయ్యనో సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి చేతికి రైఫిల్ ఇవ్వడం. ఫొటో కోసమైనా సరే, వద్దు.
- కొత్తగా ఎంఎస్‌కి వచ్చిన తమ్ముళ్లను లాంగ్ వీకెండ్‌కి రేంజ్‌కి పిలవడం. వాళ్లు చిక్కుల్లో పడతారు. తెలిసి ఇచ్చినందుకు మీరూ పడతారు.
- భార్యాభర్తల్లో ఒకరికి పౌరసత్వం, ఇంకొకరికి వీసా మాత్రమే ఉన్న ఇంట్లో ఇద్దరికీ ఒకే సేఫ్ తాళం ఉండడం. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ తాళం గానీ, నంబర్ గానీ అందుబాటులో ఉండకూడదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం పరంగా అడ్డు లేదు. గృహహింస కేసులో శిక్ష పడినవాళ్లకు, తమకు వ్యతిరేకంగా కోర్టు రక్షణ ఉత్తర్వులు ఉన్నవాళ్లకు, ఇలాంటి మరికొందరికి మాత్రం నిషేధం ఉంటుంది. ఇక రాష్ట్ర చట్టం సంగతి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి చోట్ల పది రౌండ్లకు (తూటాలకు) మించిన మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మీద, ఏఆర్ తరహా రైఫిళ్ల మీద ఆంక్షలు ఉన్నాయి. పక్క రాష్ట్రంలో క్లాసుకు వెళ్తుంటే దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం నియమాలూ చూసుకోవాలి. ఖాళీ చేసిన తుపాకీ, తాళం వేసిన పెట్టె, డిక్కీలో, తూటాలు విడిగా. ఈ పద్ధతి పాటించండి.

2. ఏ క్లాసు ముందు, ఏది తర్వాత

మొదటి మెట్టు సగం రోజు సేఫ్టీ క్లాసు. మీ దగ్గర్లోని రేంజ్‌లోనే దొరుకుతుంది. తుపాకీ ఖాళీ చేయడం, నింపడం, అందించడం, కింద పెట్టడం చేతికి రావాలి.

రెండో మెట్టు ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్. నా ఉద్దేశంలో డబ్బుకు దీన్ని మించిన శిక్షణ లేదు. రెండు రోజులు ఉంటుంది, వలంటీర్లు నేర్పిస్తారు. .22 రైఫిల్ చాలు, దూరం 25 గజాల పైచిలుకే. లక్ష్యాల సైజు తగ్గించి 100 నుంచి 400 గజాల దూరాన్ని కాగితం మీద చూపిస్తారు. నిలబడి, కూర్చుని, పడుకుని కాల్చడం, స్లింగ్‌ని (రైఫిల్ పట్టీని) చేతికి బిగించుకుని రైఫిల్‌ని నిలకడగా పట్టుకోవడం, ఊపిరి ఆపే చోటు, ట్రిగ్గర్ నొక్కే తీరు, అన్నీ మొదటి నుంచి చెప్తారు. వాళ్ల పరీక్షలో 40 రౌండ్లకు 250 మార్కులు. 210 వస్తే రైఫిల్‌మన్ ప్యాచ్ ఇస్తారు. మొదటిసారికే రాకపోతే దిగులుపడొద్దు, చాలామందికి రాదు. .22 తూటా చవక, కుదుపు ఉండదు. అందుకే తప్పు ఎక్కడుందో దాచుకోవడానికి వీలుండదు.

మూడో మెట్టు మొదటి స్థాయి కార్బైన్ క్లాసు. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. రైఫిల్‌ని భుజానికి ఎత్తడం, నాలుగైదు గజాల నుంచి 100 గజాల దాకా కాల్చడం, మ్యాగజైన్ మార్చడం, తుపాకీ ఇరుక్కుంటే సరిచేయడం, గోడ చాటు నుంచి కాల్చడం నేర్పిస్తారు. అరిజోనాలోని పాల్డెన్‌లో ఉన్న గన్‌సైట్ లాంటి పాత స్కూళ్లలో ఇది కొన్ని రోజుల పాటు సాగుతుంది. ఊరూరా తిరిగి నేర్పే ఇన్‌స్ట్రక్టర్ల దగ్గర సాధారణంగా రెండు రోజులు.

దీనితోపాటు రెండు చిన్న క్లాసులు తప్పకుండా చేయండి. ఒకటి, ఆత్మరక్షణ చట్టం మీద మీ రాష్ట్ర లాయర్ చెప్పే క్లాసు. ఎప్పుడు కాల్చకూడదో తెలియకుండా కాల్చడం నేర్చుకోవడం ప్రమాదం. రెండోది స్టాప్ ద బ్లీడ్. రక్తస్రావం ఆపడం, టూర్నికే కట్టడం గంటన్నర, రెండు గంటల్లో నేర్పుతారు. చాలాచోట్ల ఉచితం.

చీకట్లో కాల్చడం, గదుల్లో తిరుగుతూ కాల్చడం లాంటి క్లాసుల ప్రకటనలు ఆకర్షణీయంగా ఉంటాయి. కార్బైన్ ఒకటో స్థాయి అయి, ఆరు నెలలు సాధన చేశాకే వాటి వైపు చూడండి.

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకు ఒక మాట. మన దగ్గర సామాన్యులకు ఇలాంటి రక్షణ శిక్షణ క్లాసులు దాదాపు లేవు, తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి. అక్కడ దారి క్రీడే. పిల్లల్ని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేర్పించండి. ఒలింపిక్ పతకం తెచ్చిన గగన్ నారంగ్ నడిచిన దారి అది.

3. డబ్బు కట్టేముందు స్కూల్‌ని అడగాల్సినవి

- ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు? మొదటి స్థాయికి ఐదారుగురు దాటితే ఆలోచించండి.
- గాయమైతే ఏం చేస్తారు? మెడికల్ కిట్ ఎక్కడ ఉంటుంది, ఎవరు వాడతారు, దగ్గరి ట్రామా ఆసుపత్రి ఏది? తడుముకుంటే వద్దు.
- ఎన్ని రౌండ్లు కావాలి? రెండు రోజులకు 500 నుంచి 1000 దాకా సాధారణం.
- స్టీల్ లక్ష్యాలు ఎంత దూరంలో ఉంటాయి?
- అంతకుముందు ఏం వచ్చి ఉండాలి?
- వర్షం వస్తే, ఎండ మండిపోతే ఏం చేస్తారు?

ఇన్‌స్ట్రక్టర్ మిలిటరీలో ఎంత పెద్ద పని చేశారన్నది నేను చివర చూస్తాను. నాలాంటి ఐటీ ఉద్యోగికి ఓపికగా చెప్పగలరా, తప్పు చేస్తే అరవకుండా ఆపగలరా అన్నది ముందు చూస్తాను. విద్యార్థులు కాల్చే వైపు నిలబడి ఫొటోలు తీయించుకునే స్కూల్ ఎంత పేరున్నదైనా వదిలేయండి.

4. సామాను: తక్కువే, కానీ సరైనది

కొత్తవాళ్లు ముందు ప్లేట్ క్యారియర్ (తూటాలు ఆపే పలకలు పెట్టుకునే జాకెట్), మోకాలి ప్యాడ్లు, లేజర్లు కొంటారు. ఆ డబ్బు తూటాలకు పెట్టండి. కంపెనీ నుంచి వచ్చిన మామూలు ఏఆర్, ఒక నమ్మకమైన రెడ్ డాట్ (గురి కోసం ఎర్ర చుక్క చూపే సైట్), రెండు చోట్ల తగిలించే స్లింగ్ ఉంటే క్లాసుకు చాలు.

తీసుకెళ్లాల్సినవి:

- రైఫిల్, తాళం వేసే పెట్టె, ఛాంబర్ ఫ్లాగ్ (తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని చూపే ముక్క)
- కనీసం నాలుగైదు మ్యాగజైన్లు, బెల్టుకు తగిలించే ఒకటి రెండు పౌచ్‌లు
- స్కూల్ చెప్పినదానికంటే ఓ 100 రౌండ్లు ఎక్కువ
- నూనె సీసా, గుడ్డ, రెడ్ డాట్‌కి అదనపు బ్యాటరీ
- జెడ్87 ముద్ర ఉన్న కళ్లజోడు. పవర్ కళ్లజోడు ఉన్నవాళ్లు దాని మీద పెట్టుకునేది
- చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్, వాటి మీద ఎలక్ట్రానిక్ మఫ్స్. రెండూ కావాలి. రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క తూటాకే వినికిడి పోవచ్చు
- మీ ఒంటి మీద ఉండే టూర్నికే
- నీళ్లు, ఓఆర్‌ఎస్, టోపీ

తూటాల విషయంలో మూడు జాగ్రత్తలు. బ్యారెల్ మీద ఏ తూటా రకం రాసి ఉందో చదవండి. 5.56 అని ఉంటే .223 కూడా కాల్చవచ్చు. .223 అని మాత్రమే ఉంటే 5.56 పెట్టొద్దు. రెండోది, అయస్కాంతం అంటుకునే తూటాలను, పచ్చ కొన ఉన్నవాటిని చాలా రేంజ్‌లు ఒప్పుకోవు. స్టీల్ లక్ష్యాలు పాడవుతాయి, ముక్కలు వెనక్కి ఎగురుతాయి.

మూడోది ప్రాణానికి సంబంధించింది. .300 బ్లాకవుట్ తూటా 5.56 మ్యాగజైన్‌లో చక్కగా కూర్చుంటుంది. కొన్నిసార్లు 5.56 ఛాంబర్‌లోకి కూడా వెళ్లిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ మీ ముఖం ముందే పేలిపోతుంది. ఇంట్లో రెండూ ఉంటే మ్యాగజైన్లకు వేర్వేరు రంగు టేపు చుట్టండి. క్లాసుకు ఒక్క రకమే తీసుకెళ్లండి, రెండోది కారులో కూడా ఉండొద్దు.

కళ్ల గురించి కూడా. మనలో చాలామందికి ఆస్టిగ్మాటిజం ఉంటుంది. రెడ్ డాట్‌లో చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా, ముద్దబంతిలా కనిపిస్తే భయపడి మార్చేయకండి. ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే పరికరం బాగానే ఉన్నట్టు. వెలుతురు తగ్గించండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ప్రిజం సైట్ ప్రయత్నించండి.

5. జీరో: క్లాసుకు ఓ వారం ముందే

మీరు చూసిన చోటే తూటా పడేలా సైట్‌ని సరిచేయడమే జీరో. క్లాసులో జీరో చేసుకుందాం అనుకునేవాళ్ల వల్ల అందరికీ గంటన్నర పోతుంది. ముందే చేసుకుని వెళ్తే అక్కడ సరిచూసుకుంటే చాలు.

కార్బైన్‌కి 50 గజాల జీరో మంచిది. మామూలు 5.56 తూటాకు 50 దగ్గర కలిసిన గీత 200 గజాల ప్రాంతంలో మళ్లీ దగ్గరకు వస్తుంది. మధ్యలో ఒకటి రెండు అంగుళాలు పైన ఉంటుంది, అంతే.

(1) సైట్ స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువుకు బిగించండి. బిగించాక పెయింట్ పెన్‌తో స్క్రూ మీద నుంచి బేస్ మీదకు గీత గీయండి. గీత తప్పితే వదులైనట్టు.

(2) ఇసుక సంచి మీద రైఫిల్ ముందు భాగం ఆనించండి. బ్యారెల్‌ని దేనికీ ఆనించొద్దు.

(3) ముందు 25 గజాల దగ్గర మూడు రౌండ్లు. 50 గజాల జీరోకి ఇక్కడ తూటా ఓ అంగుళం కిందే పడాలి. దానికి దగ్గరగా తెచ్చుకుంటే చాలు.

(4) 50 గజాలకు వెళ్లి ఐదు రౌండ్లు నింపాదిగా. ప్రతి తూటాకీ సైట్ తిప్పకండి. ఐదూ పడ్డాక ఆ గుంపు మధ్య భాగం చూడండి.

(5) లెక్క ఇలా. చాలా రెడ్ డాట్లలో ఒక క్లిక్ అర ఎంఓఏ (కోణం కొలత), అంటే 50 గజాల దగ్గర పావు అంగుళం. గుంపు 2 అంగుళాలు ఎడమకు ఉంటే 8 క్లిక్‌లు కుడికి.

(6) మళ్లీ ఐదు. కుదిరాక ఇంకో ఐదు. వీలైతే 100 దగ్గర కూడా ఓసారి చూసి ఎంత పైన పడుతుందో నోట్ చేసుకోండి.

దగ్గర దూరంలో ఒక మెలిక ఉంది. ఏఆర్ సైట్ బ్యారెల్‌కి రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. ఏడు గజాల దూరంలో చుక్క పెట్టిన చోటుకి రెండు అంగుళాల పైగా కింద పడుతుంది. ఒక ఇంటి హాలు అటూ ఇటూగా అంతే దూరం. క్లాసులో చిన్న చదరం మీద కాల్చమన్నప్పుడు చుక్కని ఆ మేరకు పైన పెట్టాలి. అడ్డం చాటు నుంచి కాల్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. సైట్‌లో దారి తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది, బ్యారెల్ ముందు మాత్రం బల్ల అంచు ఉంటుంది.

6. ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన

క్లాసు ఫలితంలో సగం ఇక్కడే తేలుతుంది. రోజూ పది నిమిషాలు చాలు, ఆపైన ధ్యాస తప్పుతుంది.

మొదట ఖాళీ చేయడం. దీని వరుస ప్రాణప్రదం.

- మజిల్ (తుపాకీ మూతి) సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, సేఫ్టీ (ట్రిగ్గర్‌ని ఆపే మీట) ఆన్.
- మొదట మ్యాగజైన్ బయటకి.
- తర్వాత ఛార్జింగ్ హ్యాండిల్ (పైన వెనక ఉండే పిడి) లాగి బోల్ట్ (ఛాంబర్‌ని మూసే ముక్క) వెనక్కి లాక్.
- ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి.
- తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి.

చాలామంది ముందు హ్యాండిల్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తారు. అలా చేస్తే ఛాంబర్‌లోది బయట పడుతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి లోపలికి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకుంటారు. తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలింది అనే వార్తల వెనక చాలావరకు ఉండేది ఈ తప్పే, లేదా అసలు చూడకపోవడం.

ఆ తర్వాత సాధన చేయాల్సినవి నాలుగు.

ఎత్తడం: రైఫిల్ కిందికి పట్టుకుని, లక్ష్యం మీద చూపు పెట్టి, తల కదపకుండా స్టాక్‌ని (రైఫిల్ వెనక భాగాన్ని) భుజం గుంటలోకి తెచ్చుకోవాలి. చెంప స్టాక్ దగ్గరకు వంగితే చుక్క కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. స్టాకే చెంప దగ్గరకు రావాలి.

సేఫ్టీ: లక్ష్యం మీదకు రాగానే బొటనవేలితో ఆఫ్. కిందికి దించేముందే ఆన్. వంద సార్లు చేస్తే ఆలోచించకుండా చేతికి వస్తుంది. క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ చెవి పెట్టి వినేది ఈ క్లిక్ కోసమే.

ట్రిగ్గర్: బ్యారెల్ చివర ఖాళీ షెల్ కేసు నిలబెట్టి నొక్కండి. పడకూడదు.

మ్యాగజైన్ మార్చడం: కళ్లు లక్ష్యం వైపే ఉండాలి. పెట్టాక తోసి, లాగి చూడాలి. ఊడి రాకపోతే కూర్చున్నట్టు. ఇంట్లో దీనికి తూటాల్లేని మ్యాగజైన్లు, డమ్మీ రౌండ్లే (పేలని నకిలీ తూటాలే) వాడండి.

ఇంకో పరీక్ష. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరంగా ఉన్న స్విచ్‌ని చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే స్విచ్ కనిపిస్తుందో అదే మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే ముందే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. రైఫిల్‌తో ఎడమ భుజానికి మారడం చాలామందికి తేలికైన దారి.

7. క్లాసు రోజు

ఉదయం సేఫ్టీ ఉపన్యాసం ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా మళ్లీ వినండి. ప్రతి తుపాకీ నిండి ఉన్నట్టే చూడాలి. నాశనం కాకూడనిదాని వైపు మజిల్ తిప్పకూడదు. కాల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకూడదు. లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. "సీజ్ ఫైర్" అని ఎవరైనా అనవచ్చు. కొత్తవాళ్లం కదా అని నోరు మూసుకోకండి.

బట్టల సంగతి. మెడ దగ్గరగా ఉండే టీషర్ట్, పైన పలుచని పొడుగు చేతుల చొక్కా, బూట్లు. కాల్చాక ఎగిరే వేడి షెల్ మెడలోంచి ఒంటి మీద పడితే ఎవరైనా గెంతుతారు. అప్పుడే మజిల్ పక్కవాళ్ల మీదకు తిరుగుతుంది. కాలనివ్వండి. ముందు సేఫ్టీ, మజిల్ ముందుకే, తర్వాత షెల్ తీసుకోండి. ఆడవాళ్లు నల్లపూసలు, గొలుసులు ఇంట్లో పెట్టి రావడం మంచిది, లేదంటే చొక్కా లోపల. స్లింగ్‌లో చిక్కుకుంటాయి. గాజులు, వదులు జుట్టు కూడా అంతే.

భోజనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మధ్యాహ్నం డబ్బా విప్పితే మనకు పులిహోరైనా పెరుగన్నమైనా చేత్తో కలుపుకోవడం అలవాటు. రేంజ్‌లో వద్దు. తూటాలోని సీసం పొడి చేతులకు, ముఖానికి అంటుకుని ఉంటుంది. చల్లనీళ్లు, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు కూడా చెంచాతోనే తినండి. హ్యాండ్ శానిటైజర్ సీసం పొడిని తీసేయదు. దానికి విడిగా వైప్స్ దొరుకుతాయి. గర్భిణులు ఈ క్లాసులు వాయిదా వేసుకోవాలి.

ఎండ కూడా చిన్న విషయం కాదు. టెక్సస్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రెండు రోజుల క్లాసు పెట్టుకోకండి. అలసట రాగానే ముందు పోయేది ట్రిగ్గర్ వేలి క్రమశిక్షణ. చేతులు వణుకుతుంటే ఒక విడత మానేసి నీడలో కూర్చోండి. ఏ ఇన్‌స్ట్రక్టరూ తప్పుపట్టరు.

8. తరచూ జరిగే తప్పులు, వాటి విరుగుడు

గుంపు కింద ఎడమకు పడుతోంది. కుడిచేతివాళ్లు చప్పుడుకి ముందే ట్రిగ్గర్‌ని గుంజుతున్నారు. పక్కవాళ్లతో మీ మ్యాగజైన్‌లో తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు కలిపించుకోండి. డమ్మీ వచ్చినప్పుడు మజిల్ కిందికి దూకడం మీకే కనిపిస్తుంది. చుక్క కదలకుండా డమ్మీ మీద క్లిక్ అయ్యేదాకా ఇదే చేయండి.

వెనక్కి వాలుతున్నారు. కుదుపుకి భయపడి నడుము వెనక్కి పోతుంది, రెండో తూటా పైకి వెళ్తుంది. పాదాలు భుజాల వెడల్పున, ఎడమ కాలు కాస్త ముందు, బరువు బొటనవేళ్ల మీద.

మ్యాగజైన్ ఊడి పడుతోంది. 30 రౌండ్ల మ్యాగజైన్‌లో 28 నింపండి. బోల్ట్ మూసి ఉన్నప్పుడు నిండు మ్యాగజైన్ సరిగ్గా లాక్ అవ్వదు.

తుపాకీ మాటిమాటికీ ఇరుక్కుంటోంది. ముందు బోల్ట్ క్యారియర్‌కి నూనె వేయండి. ఏఆర్ తడిగా ఉంటేనే బాగా నడుస్తుంది. తర్వాత అనుమానం మ్యాగజైన్ మీదే. మ్యాగజైన్లకు నంబర్లు రాసుకుంటే ఏది తప్పు చేస్తోందో సాయంత్రానికి తెలిసిపోతుంది.

క్లిక్ అంది, పేలలేదు. మ్యాగజైన్ కింద గట్టిగా కొట్టి, హ్యాండిల్ పూర్తిగా లాగి వదిలి, మళ్లీ గురి. అప్పటికీ నడవకపోతే లోపల చూడండి. రెండు తూటాలు ఒకేసారి ఇరుక్కుంటే బోల్ట్ వెనక్కి లాక్ చేసి, మ్యాగజైన్ పీకి, హ్యాండిల్ మూడుసార్లు లాగి, కొత్త మ్యాగజైన్ పెట్టాలి. పేలని తూటాతో ఆగి చూడాలని మీ రేంజ్ నియమం ఉంటే దాన్నే పాటించండి.

"టప్" మని మెత్తగా మోగింది, కుదుపు లేదు. ఇక్కడ మాత్రం కొట్టొద్దు, లాగొద్దు. తూటా బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. మజిల్ ముందుకే ఉంచి, చేయెత్తి ఇన్‌స్ట్రక్టర్‌ని పిలవండి.

వేగం కోసం తొందర. టైమర్ మోగగానే గురి వదిలేసి చేతులు పరుగెడతాయి. తూటాలన్నీ కాగితం మధ్య చదరంలో పడుతుంటేనే వేగం పెంచండి. ఒకటి బయటికి పోయిందంటే తగ్గించాలి. నిజమైన ఇంట్లో ఆ ఒక్కటీ జిప్సమ్ బోర్డు గోడ దాటి పిల్లల గదిలోకి వెళ్తుంది.

9. ఇంటికి వచ్చాక

- రేంజ్ బట్టలు విడిగా ఉతకండి. బూట్లు గరాజ్‌లోనే విప్పండి. స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి.
- తరచూ కాల్చేవాళ్లు ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.
- రైఫిల్ సేఫ్‌లో, తాళంతో. అల్మరా పైన, మంచం కింద దాచితే పిల్లలకు తెలియదనుకోకండి. ఎక్కడ దాచినా వాళ్ల కంట పడుతుంది.
- ఇంటికి వచ్చిన చుట్టాలకు, స్నేహితులకు తీసి చూపించొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌ని, జాకెట్‌ని, కెమెరా సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పటికీ వాడకండి. జిప్ మూలలో ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానర్‌లో పడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకుని బయటపడినవాళ్లు ఉన్నారు. కానీ అప్పటికి సెలవులు, పెళ్లి ముహూర్తం అన్నీ అయిపోతాయి. రేంజ్ బ్యాగ్‌కి రంగు టేపు చుట్టి, గరాజ్ దాటనివ్వకండి.

క్లాసు తర్వాతి మూడు నెలలు ఇలా పెట్టుకోండి. వారానికి మూడుసార్లు పదేసి నిమిషాలు ఖాళీ తుపాకీ సాధన. నెలకోసారి .22 తో 100 రౌండ్లు, నిలబడి, మోకాలి మీద, పడుకుని. నెలకోసారి కార్బైన్‌తో 50 రౌండ్లు మాత్రమే, క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ మీ గురించి చెప్పిన రెండు లోపాల మీదే. ప్రతిసారీ లక్ష్యం కాగితం మీద తేదీ, దూరం రాసి దాచండి. మూడో నెల చివర జీరో మళ్లీ సరిచూసుకుని, మొదటి కాగితాన్ని చివరిదానితో పక్కపక్కన పెట్టి చూడండి. గుంపు తగ్గి ఉంటే రెండో స్థాయి క్లాసుకు డబ్బు కట్టండి. తగ్గకపోతే మళ్లీ ఆపిల్‌సీడ్‌కి వెళ్లండి.